ఆపిల్ లేని ఆపిల్ బ్రాందీ

ఆస్ట్రేలియాలో, పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో మా ఇంటి దగ్గరున్న బాటిల్ షాపులో నిలబడి ఆంటీకి ఫోన్ చేశాను.

"ఆంటీ, ఆపిల్ బ్రాందీలు శానా రకాలున్నయి ఇక్కడ. ఏది తీసుకోవాలె?"

"ఆయనేం తాగేవారో నీకు తెలీదేంటమ్మా?"

"తెలుసు. చెక్క పీపాల బాగా ముదిరినయి తాగెటోళ్లు. అదే తీసుకొస్త మరి."

"వద్దొద్దు," అంది ఆంటీ. "ఆపిల్ వాసన గుప్పున కొట్టేది తీసుకురా. మూత తియ్యగానే పండు కోసినట్టుండాలి."

"అటువంటిది అంకుల్ ముట్టెటోళ్లు కాదు గదా?"

"ముట్టేవారు కాదులే. ఇప్పుడెవరమ్మా అడ్డం?" అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం అంకుల్ సంవత్సరీకం. ఆ రోజు పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ ఫొటో ముందు ఆకులో పెట్టడం వాళ్లింటి ఆచారం. కోడికూర ఇష్టమైతే కోడికూర, మందు ఇష్టమైతే మందు. అంకుల్‌కి రెండూ ఇష్టమే. కాకపోతే మందు విషయంలో ఆయన ఇష్టం అంత తేలిగ్గా తేలేది కాదు.

కౌంటర్ వెనకున్న పెద్దావిడ వచ్చి, "వాట్ స్టైల్ యు ఆఫ్టర్, లవ్?" అని ఏ రకం కావాలో అడిగింది. నాకు నవ్వొచ్చింది. నేను ఫార్మసిస్టుని. జ్వరానికీ దగ్గుకీ మందులిచ్చే మనిషిని. బ్రాందీ తాగితే నాకు తలనొప్పి. అయినా ఆ అరలో ఉన్న ప్రతి సీసా జాతకం చెప్పగలను. కోరి నేర్చుకున్న విద్య కాదది. తప్పించుకోలేక నేర్చుకున్నది.

పెర్త్‌లో మా తెలుగువాళ్ల పార్టీల పద్ధతి అందరికీ తెలిసిందే. ఆడవాళ్లు వంటింట్లో, పిల్లలు టీవీ ముందు, మగవాళ్లు గరాజ్‌లో. కార్లు రోడ్డు మీదకి వెళ్లిపోతాయి, ప్లాస్టిక్ కుర్చీలు లోపలికొస్తాయి, మధ్యలో ఐసు నింపిన ఎస్కీ పెట్టె. మా ఆయన గనుల్లో ఫైఫో ఉద్యోగి, అంటే విమానంలో వెళ్లి పనిచేసి రావడం, నెలలో సగం రోజులు ఊళ్లోనే ఉండడు. అందుకని నేను అటు వంటింట్లోనూ కుదురుగా ఉండకుండా, ఇటు గరాజ్‌లోనూ నాకో కుర్చీ వేయించుకుని రెండు చోట్లా తిరిగేదాన్ని. అంకుల్ని రెండు వైపుల నుంచీ చూసిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే.

ఆయన అమలాపురం వైపు మనిషి. ఇనుప గనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పెర్త్ చలికి ఇంకెవరూ పెట్టుకోని మంకీ క్యాప్ పెట్టుకునేవారు. ప్రసంగం మొదలుపెట్టే ముందు చేతి వాచీ విప్పి చొక్కా జేబులో వేసుకునేవారు. అది చూడగానే కుర్రాళ్లకి ఇంట్లో గ్యాస్ కట్టేశామో లేదో గుర్తొచ్చేది. తర్వాత సీసా ఎత్తి ట్యూబ్‌లైటుకి అడ్డం పెట్టి, ఒక కన్ను మూసి, "బేసిక్‌గా చెప్పాలంటే..." అనేవారు. ఆ తర్వాత వచ్చేదాంట్లో బేసిక్ అన్నది ఒక్క ముక్క ఉండేది కాదు.

నన్ను "డాక్టరమ్మా" అని పిలిచేవారు. ఫార్మసిస్టునని చాలాసార్లు చెప్పాను. "తెల్లకోటేగా, సరిపోద్దిలే," అనేవారు.

అసలు మొదట్లో ఆయనకి ఏ బ్రాందీ మీదా ప్రేమ లేదు. ఏది పోస్తే అది సోడాలో కలుపుకుని తాగి, మిరపకాయ బజ్జీ నంజుకునే మామూలు మనిషి. ఇంతలో గుండెకి బైపాస్ అయింది. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుని ఆంటీ మొక్కుకుంది, మనిషి లేచి తిరిగితే ఇద్దరం కాశీకి వస్తామని. లేచి తిరిగారు. వెళ్లొచ్చారు.

కాశీకి వెళ్తే ఒక పండూ ఒక కూరా వదిలి రావాలి కదా. ఇష్టమైనవే వదలాలి, మళ్లీ ఈ జన్మలో ముట్టకూడదు. గంగ ఒడ్డున పంతులుగారు అడిగినప్పుడు ఆంటీ మామిడి అంది. కోనసీమలో పుట్టిన మనిషి మామిడి వదలడమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పండుతో పోలేదు. ఆవకాయ, మాగాయ, తాండ్ర, పప్పులో పడే ముక్క, అన్నీ గంగపాలు. ఆయన ప్రాణం బదులు తన ప్రాణం లాంటిది ఇచ్చేశానని ఆవిడ లెక్క.

అంకుల్ ఆపిల్ అన్నారు. కూరల్లో కాకరకాయ.

తిరిగొచ్చాక నాతో గొప్పగా చెప్పుకున్నారు కూడా. "ఆపిల్ నేను పుట్టి బుద్ధెరిగి ఇష్టంగా తిన్నది లేదు. కాకరకాయ సరేసరి. దీన్నే ఆప్టిమైజేషన్ అంటారు డాక్టరమ్మా. రూలు పాటించాం, ఇంపాక్ట్ జీరో."

"దేవునికి తెల్వదనుకున్నరా అంకుల్?"

"ఆయనకి బోల్డు కేసులుంటాయమ్మా. నా ఫైలు చూడ్డు."

చూశాడు. ఆ ఏడాది క్రిస్మస్‌కి మా బాస్ నాకో సీసా ఇచ్చాడు. ఇంట్లో తాగేవాళ్లు లేరని దాన్ని తీసుకెళ్లి అంకుల్ పుట్టినరోజు బార్బెక్యూలో ఆయన చేతికిచ్చాను. డాక్టరు పండగలకి ఒక చిన్న పెగ్గు ఒప్పుకున్నాడు. దాన్ని అంకుల్ సాగదీసి, వారాంతం కూడా పండగే అని తేల్చుకున్నారు. ఒక గుక్క తాగారు. కళ్లు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు. నాకు భయమేసింది, గుండెకేమైనా అయిందేమోనని.

"ఏంటమ్మా ఇది, అమృతంలా ఉంది! దేంతో చేశారు?"

నేను సీసా తిప్పి లేబుల్ చదివాను. ఫ్రాన్స్‌లో నార్మండీ అనే చోట ఆపిల్ పళ్ల రసం పులియబెట్టి, కాచి, ఆవిరి పట్టి, ఓక్ పీపాల్లో దాచి చేస్తారట. కాల్వడోస్ అంటారట. ఆయన గ్లాసు కింద పెట్టేశారు. వంటింటి వైపు చూశారు. "మీ ఆంటీకి చెప్పకు," అన్నారు మెల్లగా.

మర్నాడు మా షాపుకొచ్చారు. బీపీ మాత్రల లైన్లో బుద్ధిగా నిలబడి, తన వంతు వచ్చాక కౌంటర్ మీదకి వంగి గుసగుసగా అడిగారు. "డాక్టరమ్మా, సైంటిఫిక్‌గా చెప్పు. కాచి ఆవిరి పట్టాక అందులో ఆపిల్ ఉంటుందా?"

"వాసన ఉంటది అంకుల్."

"వాసన నేను వదల్లేదు. పండు వదిలాను."

వదిలేసిన వస్తువు మీద మమకారం పోతుందనే కదా కాశీ నియమం. ఈయనకి వదిలాకే పుట్టింది. అక్కణ్ణుంచి ఆయన మిగిలిన జీవితమంతా ఒకటే వెతుకులాట. ఆపిల్ బ్రాందీ కావాలి, అందులో ఆపిల్ ఉండకూడదు. ఆంటీ మొక్కు చెడకూడదు, ఆయన గ్లాసు ఎండకూడదు. ఈ ఒక్క అవసరం కోసం ఆయన ఎంత చదివారంటే, కాలేజీలో అంత చదివి ఉంటే ఆ గనులన్నీ ఆయన పేరనే ఉండేవి.

తీర్పులు ఒక్కొక్కటే వెలువడ్డాయి. కొత్త కాల్వడోస్ నిషిద్ధం. అందులో పచ్చి ఆపిల్ వాసన తెలుస్తుంటుంది, పండు కొరికినట్టే. పీపాలో ఏళ్ల తరబడి మగ్గినది అనుమతం. ఎందుకంటే అప్పటికి ఆపిల్ పోయి వెనిల్లా, దాల్చినచెక్క, తోలు వాసనలు మిగులుతాయి. "ఆపిల్ పోయింది, చెక్క మిగిలింది. నేను చెక్క వదల్లేదు," అనేవారు. నార్మండీలోనే ఇంకో వైపు పియర్స్ పళ్లు కూడా దండిగా కలిపి చేస్తారని తెలిసిన రోజు ఆయన మొహం చూడాలి. "పియర్స్ కలిసిందంటే అది సంకరం. సంకరానికి నియమం వర్తించదు." అమెరికావాళ్ల ఆపిల్‌జాక్‌లో అగ్గువ రకమైతే ఐదో వంతు ఆపిల్ సారా ఉంటే చాలట, మిగతాదంతా ధాన్యంతో చేసిన స్పిరిట్. రుచికి ఆయనకది నచ్చలేదు. కానీ ధర్మానికి నచ్చింది. మొహం చిట్లించుకుంటూ పుణ్యంగా తాగేవారు.

ఈ పిచ్చిలో పనికొచ్చే సంగతులూ లేకపోలేదు. ఫ్రెంచి సీసా మీద 'ఫైన్' అని రాసుంటే మనం అనుకునే ఫైన్ కాదు, పీపాలో రెండేళ్లే ఉన్నదని అర్థం. ఎక్స్‌ఓ అంటే కనీసం ఆరేళ్లు. సీసాలో పోశాక ఇక ముదరదు. బీరువాలో పదేళ్లు దాచినా కొన్నరోజు ఎంత వయసో అంతే. లేతది అల్లం సోడాలోకి బాగుంటుంది, ముదిరినదాన్ని ఉత్తదే, తులిప్ పువ్వులాంటి చిన్న గ్లాసులో పోసుకుని మెల్లగా తాగాలి, ఐసు వేస్తే వాసన చచ్చిపోతుంది. ఇదంతా ఆయన చెప్పిందే. ఇంతా విని గరాజ్‌లోని జనం దాంట్లో కోక్ పోసుకునేవారు. అప్పుడాయన కళ్లలో నిజంగా నీళ్లు తిరిగేవి.

ఒకసారి కొత్తగా ఊళ్లోకొచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి పాపం ముచ్చటపడి ఒక 'ఫైన్' సీసా కొని తెచ్చాడు. అంకుల్ వాచీ విప్పారు. సీసాని ట్యూబ్‌లైటుకి పట్టి, "ఇది ఎల్‌కేజీ బాబూ. తీసుకెళ్లి కేకులో పొయ్యి," అన్నారు. ఆ అబ్బాయి మళ్లీ గరాజ్‌లోకి రాలేదు. పిల్లలతో కూర్చుని టీవీ చూసేవాడు. ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లాణ్ణి అవమానించింది రుచి తెలిసి కాదు. లేతది తనకి కుదరదని.

ఇంకోసారి మేమంతా దక్షిణాన ఆపిల్ తోటల వైపు వెళ్లాం. అక్కడో చిన్న సారా బట్టీ. నడుపుతున్నావిడ పీపా మొహం చూడని, నీళ్లలా తేటగా ఉన్న సారా పోసి ఇచ్చింది. గదంతా ఆపిల్ తోటలా అయిపోయింది. అంకుల్ రెండడుగులు వెనక్కేసి చేతులు జోడించారు.

"అలర్జీనా?" అని అడిగిందావిడ కంగారుగా.

"రిలిజియస్ అలర్జీ," అన్నారు అంకుల్.

కానీ గ్లాసు నా చేతిలో ఉన్నంతసేపూ ఆయన నా పక్కనే నిలబడ్డారు. ముక్కుపుటాలు అదురుతుండటం నేను చూశాను. వాసన వదల్లేదు కదా.

ఇక వంటింటి సంగతి. ఇక్కడ మామిడికాయలు ఎండాకాలం మొదట్లో, అంటే మన దీపావళి దాటాక వస్తాయి. ఆంటీ పెద్ద జాడీ నిండా ఆవకాయ పెట్టేది. తను ఒక్క మెతుకుకి కూడా అద్దుకోదు, మా అందరి కోసం. మూడో రోజు తిరగకలిపి గరాజ్ వైపు కేకేసేది, "ఏవండీ, ఉప్పు చూడండీ!"

అంకుల్ వచ్చేవారు. వాచీ విప్పి జేబులో వేసుకునేవారు. వేలితో ఇంత తీసి నాలుక మీద పెట్టుకుని, ఒక కన్ను మూసి, "బేసిక్‌గా చెప్పాలంటే ఇంకో గుప్పెడు పడాలి," అనేవారు. ఆంటీ మారు మాట్లాడకుండా గుప్పెడు వేసేది. "ఏ పీపాలో ఎన్నేళ్లుందో చెప్పే నాలుకమ్మా. ఉప్పు తెలీదా?" అని నాతో మురిసిపోయేది.

ఆ ఆవకాయ ఉప్పు కషాయమని పెర్త్‌లో తెలుగువాళ్లందరికీ తెలుసు, ఒక్క ఆంటీకి తప్ప. ఆవిడిచ్చిన ఆవకాయ సీసా నవ్వుతూ అందుకుని, ఇంటికెళ్లాక ముక్క కడుక్కుని తినేవాళ్లం. ఎవరూ చెప్పలేదు. నోట్లో వేసుకోని మనిషి మన కోసం చేతులు మండేలా కారం కలుపుతుంటే, ఉప్పెక్కువైందని చెప్పే మొహం ఎవరికుంది?

విచిత్రమేంటంటే, ఆ ఇంట్లో మిగతా వంటలన్నీ చప్పన. బైపాస్ తర్వాత ఉప్పు తగ్గించమన్నారని ఆంటీ పప్పులో, కూరల్లో చిటికెడే వేసేది. ఆవకాయ ఆయనకి రోజుకి ఒక్క ముక్క. అంకుల్ ఈ విషయంలో మాత్రం ఎప్పుడూ వాదించలేదు. బుద్ధిగా తలూపి ఆ ఒక్క ముక్కా అందుకునేవారు.

అంతా సవ్యంగా సాగిపోతుండగా, ఒకనాడు ఆంటీ చేపవేపుడు ప్లేటుతో గరాజ్‌లోకి వచ్చింది. అంకుల్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఉన్నారు. ఆయన తిప్పిపెట్టడం మర్చిపోయిన సీసా మీద ఎర్రటి ఆపిల్ బొమ్మ ఇటే ఉంది. ఆంటీ బొమ్మ చూసింది. ఆయన్ని చూసింది.

"దేంతో చేస్తారండీ అది?"

అంకుల్ సీసాని అటు తిప్పేశారు.

"చెక్కతో," అన్నారు.

"చెక్కతో?"

"బేసిక్‌గా చెప్పాలంటే మొదట్లో ఆపిలే. కానీ పీపాలో అన్నేళ్లు మగ్గాక అందులో పండు గుణం పోద్ది. కావాలంటే డాక్టరమ్మని అడుగు."

నేను చేపముక్క నోట్లో పెట్టుకున్నాను.

ఆంటీ కోప్పడలేదు. ప్లేటు ఎస్కీ మీద పెట్టి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "మగ్గితే పండు గుణం పోయేటట్టయితే, నిరుటి ఆవకాయ కూడా మామిడి కాదు కదండీ? నేను తినొచ్చా మరి?"

ఆ గొంతులో ఆశ ఉంది. ఒక్క మాట, తిను అనే ఒక్క మాట చాలు ఆవిడకి. ఆయన తన కోసం కనిపెట్టుకున్న సందుల్లో ఒక్కటి పెళ్లానికి చూపిస్తే పోయేదేముంది?

"అదెలా కుదురుద్ది?" అన్నారు అంకుల్ వెంటనే. "ఆవకాయలో ముక్క కనిపిస్తా ఉంటది. ముక్క ఉన్నంతకాలం మామిడే. నువ్వు ముట్టకూడదు."

ఆంటీ మొహం చిన్నబోయింది. "అవున్లెండి," అని లోపలికెళ్లిపోయింది.

నేనాగలేకపోయాను. "మీకొక రూలు, ఆంటీకొక రూలా అంకుల్? సిగ్గుండాలె."

"రూలొకటేనమ్మా. ఘనపదార్థం వేరు, ద్రవపదార్థం వేరు."

"మరి మామిడిపండు రసమైతే ఆంటీ తాగొచ్చునా?"

"లోపల పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది, వెళ్లి చూడు," అన్నారు. ఏదీ మాడటం లేదు. ఆ తర్వాత చాలా రోజులు నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

గుండె ఆయన్ని ఏమీ చెయ్యలేదు. కిందటి చలికాలం న్యుమోనియా వచ్చింది. ఆస్పత్రిలో నర్సు ట్రేలో ఆపిల్ జ్యూస్ పెడితే ఊపిరందని ఆ స్థితిలోనూ మొహం పక్కకి తిప్పేసుకున్నారు. "చూశావా అమ్మా, ఇప్పుడు కూడా మాట తప్పట్లేదు," అని ఆంటీ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. జ్యూసు పీపాలో మగ్గలేదు కదా, అనుమతం కాదు మరి, అని ఏడుస్తూనే లోపల అనుకున్నాను. ఆయన పరిచయస్తులకి అలాంటి అలవాట్లే అబ్బుతాయి.

బాటిల్ షాపులో నేను ఎంచుకున్నది ఆ దక్షిణపు తోటల తేట సారానే. పీపా మొహం చూడనిది. కౌంటర్ పెద్దావిడ, "దట్స్ ఆల్ ఆపిల్, దట్ వన్," అంది. అదే కావాలన్నాను.

ఆదివారం మధ్యాహ్నం అంకుల్ ఫొటో ముందు ఆకు పరిచారు. కోడికూర, గారెలు, పక్కన ఆయన తులిప్ గ్లాసు. నేను మూత తియ్యగానే హాలంతా ఆపిల్ వాసన. ఆంటీ గ్లాసు నిండా పోయించింది. "తాగండి. ఇక ఏ లెక్కా చూసుకోనక్కర్లేదు," అని ఫొటోతో అంది. తర్వాత లోపల్నుంచి జాడీ తెచ్చింది. "ఈ ఏడు పెట్టలేదమ్మా, ఉప్పు చూసేవాళ్లు లేక. ఇది ఆయన చూసిన ఆఖరి జాడీ." ఆకులో ఒక ముక్క వేసింది. మా కంచాల్లో వేసింది. మేమంతా అలవాటు ప్రకారం ముక్కని అంచుకి జరిపాం.

ఆంటీ తన కంచంలో కూడా వేసుకుంది.

"ఆంటీ, మీరు..."

"ఎవరి కోసం వదిలానో ఆ మనిషే లేనప్పుడు ఇంకెందుకమ్మా?"

వేడన్నంలో నూనె కలుపుకుంది. ఎన్నేళ్ల ఆకలో ఆ వేళ్లలో తెలుస్తోంది. ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆగిపోయింది. మింగి, మంచినీళ్లు గడగడా తాగింది.

"ఇంత ఉప్పా!"

అందరం కంచాల్లోకి చూసుకున్నాం.

"ఎప్పుడూ ఇలాగే ఉండేదా?" ఆంటీ నన్నే చూసింది. "నువ్వు చెప్పమ్మా."

"అంకుల్ సరిపోయిందన్నరు గదా ఆంటీ," అన్నాను.

ఆంటీ ఫొటో వైపు తిరిగింది. గరాజ్‌లో తీసిన ఫొటో అది, ఒక కన్ను సగం మూసి ఉంటుంది. "ఇంకో గుప్పెడు, ఇంకో గుప్పెడు అని... నేను కూరల్లో తగ్గిస్తుంటే ఇందులో వేయించుకున్నారన్నమాట. నేను నోట్లో పెట్టనని ధైర్యం!"

ముక్క ఉన్నంతకాలం మామిడే అని ఆయన ఆ రోజు ఎందుకంత గబుక్కున తీర్పిచ్చారో నాకప్పుడు అర్థమైంది. ఆంటీ ఒక్కసారి రుచి చూస్తే ఆయన ఉప్పు సంగతి బయటపడేది. మళ్లీ ఒళ్లు మండింది. ఆ మంటలోనే నవ్వు కూడా వచ్చింది. ఆంటీకి అప్పటికే వచ్చేసింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"ఆ ఆకులోంచి ఆవకాయ తీసెయ్యమ్మా," అంది.

"బ్రాందీ?"

"అది ఉంచు. ఆవకాయ తీసెయ్. బీపీ మనిషి."

తీశాను. చెత్తబుట్ట వైపు తిరగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, ఆ ముక్కని తన కంచంలో వేయించుకుంది. ఇంకో గరిటెడు అన్నం పెట్టించుకుని, కలుపుకుని తింది.